మోటార్ సాబ్ అద్దాలు తీయించిన రోజులు

పోయిన నెల మా చెల్లెలి మనవడు తమ కంపెనీ కొత్త కారులో నన్ను కూర్చోబెట్టుకుని ట్యాంక్‌బండ్ దాకా తీసుకుపోయాడు. తలుపు మూసుకోగానే బయటి రొద అంతా ఆగిపోయింది. కొత్త తోలు వాసన, దాని వెనకే చెక్కకు పట్టించిన పాలిష్ వాసన ముక్కుకు తగిలాయి. పిల్లవాడు ఉత్సాహంగా ఏదో చెబుతున్నాడు. విదేశాల నుంచి తయారైన కారును తెస్తే సుంకం మోయలేమట, అందుకని భాగాలు తెచ్చి ఇక్కడే బిగిస్తున్నారట. మన రోడ్ల గుంతలు చూసి కారును కాస్త ఎత్తు చేశారట. ఇక్కడ యజమాని డ్రైవరు వెనక కూర్చుంటాడు కాబట్టి వెనక సీటు దగ్గర కాళ్లకు చోటు పెంచారట. నేను ఊ కొడుతున్నానే గానీ నా మనసు అక్కడ లేదు. ఎనభై దాటిన నన్ను ఆ వాసన నిజామాబాద్ స్టేషన్ రోడ్డుకు, మా సాబ్ దగ్గరికి తీసుకుపోయింది.

ఆయన పేరు యూసుఫొద్దీన్. ఆ పేరు పోస్ట్‌మన్‌కు తప్ప ఊళ్లో ఎవరికీ అవసరం పడేది కాదు. అందరికీ ఆయన మోటార్ సాబ్. పొడుగ్గా, భుజాల దగ్గర కొంచెం వంగి, ఎండాకాలంలో కూడా షేర్వానీ గుండీలన్నీ పెట్టుకుని ఉండేవారు. ఇంగ్లండు నుంచీ అమెరికా నుంచీ బొంబాయి రేవులో దిగిన పెద్ద కార్లను ఆయన దుకాణంలో అమ్మేవారు. దుకాణం ముందు భాగమంతా నిలువెత్తు అద్దాలు. వాళ్ల నాన్నగారి కాలంలో ఓడ మీద వచ్చిన అద్దాలవి. కార్లు కొనేవాళ్లు కొద్దిమందే. ఊళ్ల దొరలు, బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో పెద్ద అధికార్లు, పసుపు మార్కెట్లో నాలుగు రాళ్లు వెనకేసుకున్న సేట్లు. కొనలేని వాళ్లు సాయంత్రం పూట పిల్లల్ని ఎత్తుకొచ్చి అద్దాల్లోంచి చూపించిపోయేవాళ్లు. సాబ్ వాళ్లను ఎన్నడూ అదిలించలేదు.

మా నాన్న మిషన్ ఆసుపత్రిలో కాంపౌండర్. నేను టైపు నేర్చుకుని ఇంట్లో కూర్చుని ఉన్నాను. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో సంగతి. మోటార్ సాబ్ దుకాణంలో టైపు చేసేవాళ్లు కావాలని విని వెళ్తానంటే, మోటార్ల దుకాణంలో ఆడపిల్ల పని చేయడమేమిటని నాన్న ఒప్పుకోలేదు. అప్పుడు ఒక ఆదివారం, మేం చర్చి నుంచి వచ్చేసరికి, సాబ్ మా ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నారు. అమ్మ కంగారుపడి టీ పెట్టింది. ఆయన టీ తాగి, కప్పు కింద పెట్టి, నాన్నతో అన్నారు.

"నా దుకాణంల అందరు మగోళ్లే ఉన్నరు, భాయ్. పొద్దాక ఇంజన్ సంగతే మాట్లాడుతరు. కారుల కూసునే ఆడోళ్ల సంగతి ఒక్కనికి తెల్వది. మీ ఎస్తేరును పంపుండ్రి. నా బిడ్డ లెక్క చూసుకుంట."

చివరికి నాన్న, "పొద్దుగూకక ముందే ఇంటికి రావాలె" అన్నాడు. అలా నాకు ఉద్యోగం దొరికింది.

మొదటి రోజు టైపు మిషన్ ముందు కూర్చోబోతుంటే సాబ్ ఆపారు. దుకాణం మధ్యలో ముదురు నీలం రంగు ఇంగ్లండు కారు ఒకటి ఉంది. దాని వెనక సీటులో నన్ను కూర్చోమన్నారు. తోలు చల్లగా, మెత్తగా ఉంది. "చాలా బాగుంది సాబ్" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

"కారు ఎట్లున్నదో నాకు తెలుసు బేటీ. అండ్ల నువ్వు ఎట్లున్నవో చెప్పు."

భయపడుతూనే చెప్పాను, దిగేటప్పుడు కుచ్చిళ్లు కాలికి అడ్డం పడుతున్నాయని. ఆయన ముఖం వెలిగిపోయింది. వెంటనే పెద్ద మేస్త్రీ గంగారాంను పిలిచి తలుపు కింద ఇత్తడి మెట్టు ఒకటి బిగించమన్నారు. దొరల తలపాగాలు పైకప్పుకు తగలకుండా సీటు కిందికి దించడం, పరదా పాటించే ఇళ్లవాళ్లకు కిటికీలకు తెరలు కుట్టించడం ఆయన అంతకు ముందే చేసేవారు. ఎక్కడో చలిదేశంలో తయారైన కారు ఇక్కడి మనుషులకు సరిపోవాలంటే ముందు ఇక్కడి మనుషుల్ని చూడాలని నాకు మొదట తెలిసింది అక్కడే.

ఒక ఉదయం బొంబాయి నుంచి ట్రంక్ కాల్ వచ్చింది. దేశం దగ్గర విదేశీ మారకం తక్కువగా ఉందని, బయటి నుంచి కార్లు రావడం ఇక ఆగిపోయినట్టేనని, విడిభాగాలు కూడా కష్టమేనని ఏజెంటు చెప్పాడు. సాబ్ ఫోన్ పెట్టేసి, అందరికీ చాయ్ తెప్పించారు. ఎవరికీ ఏమీ చెప్పలేదు. నీలం కారు దగ్గరికి వెళ్లి బానెట్ మీద లేని దుమ్మును రుమాలుతో తుడిచారు. దుకాణంలో మిగిలింది ఆ ఒక్క కారే.

బొంబాయి స్నేహితులు ఓపిక పట్టమన్నారు. ఈ కష్టం కొన్నాళ్లే, దిగుమతుల గేట్లు మళ్లీ తెరుచుకుంటాయి, అప్పటిదాకా ఏజెన్సీ వదలకు అన్నారు. సాబ్ మనసు కూడా అదే కోరింది. ఏడాది పైగా ఎదురుచూశారు. మేస్త్రీలు పొద్దున వచ్చి, శుభ్రంగా ఉన్న పనిముట్లనే మళ్లీ తుడిచి పెట్టేవాళ్లు. కొందరు ఆర్మూర్ బస్సుల షెడ్డులో పని దొరుకుతుందేమోనని చాటుగా వాకబు చేస్తున్నారని గంగారాం నాతో చెప్పి కళ్లు తుడుచుకున్నాడు. సాబ్‌కు అది తెలుసు. తెలియనట్టు ఉండేవారు.

చెరుకు నరుకుతున్న కాలంలో ఒకనాడు, నన్నూ గంగారాంనూ ఆ నీలం కారులో ఎక్కించుకుని బోధన్ బయలుదేరారు. ఎందుకో చెప్పలేదు. ఎడపల్లి దాటాక దారి పొడుగునా చెరుకు బండ్లే. ఫ్యాక్టరీ దగ్గర అవి బారులు తీరి ఉన్నాయి. ఎడ్లు మెడలు వాల్చి నెమరేస్తున్నాయి. గాలి నిండా బెల్లపు పాకం వాసన. సాబ్ కారు దిగి, షేర్వానీకి చెరుకాకు గీసుకుంటున్నా పట్టించుకోకుండా బండ్ల మధ్య నడిచారు. ఒక రైతు దగ్గర ఆగారు.

"ఎప్పటి సంది ఉన్నవన్నా గీడ?"

"నిన్నటి సంది సాబ్. లోపటికి ఎప్పుడు పోతనో ఎర్కలేదు. సెరుకు ఎండుతున్నది. ఎడ్లు సూడు, ఎట్లయినయో."

"నీకు మోటర్ ఉంటే ఏం జేస్తవ్?"

రైతు మా నీలం కారు వైపు చూసి పగలబడి నవ్వాడు. "గండ్ల సెరుకు పడ్తదా సాబ్? దున్నుడు, మోసుడు రెండు జేసే బండి ఉంటె సెప్పు. అన్నదమ్ములం కలిసి కొంటం."

సాబ్ కూడా నవ్వారు. అయితే తిరుగు దారిలో నిజాంసాగర్ కాలువ వంతెన దగ్గర కారు ఆపించి, దిగి గట్టు మీద కూర్చున్నారు. గంగారాం రేడియేటర్‌కు నీళ్లు తేవడానికి కిందికి దిగాడు. సాబ్ నన్ను పిలిచారు.

"అందరు నేను వినాలనుకున్నదే నాకు చెప్తున్నరు బేటీ. నువ్వు చెప్పు. ఇంక ఎదురుచూద్దమా?"

ఇరవై ఏళ్లు నిండిన పిల్లను. ఆయన జీవితమంతా ఆ కార్లే. అయినా అడిగింది ఆయన. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

"గేట్లు తెరిచినా మన దగ్గరికి వచ్చేటోళ్లు ఎవరు సాబ్? దొరల భూములు పోతున్నయ్. ఫ్యాక్టరీ సార్లు జీపులల్ల తిరుగుతున్నరు. ఇప్పుడు చేతుల పైస ఆడేటోళ్లు వేరే. వాళ్లకు మెత్తటి సీటుతోని పని లేదు. కారుల తప్పేం లేదు సాబ్. చుట్టు లోకమే మారింది."

ఆయన కాలువ నీళ్ల వైపు చూస్తూ ఉండిపోయారు. నేను ఆయన పక్కనే గట్టు మీద కూర్చున్నాను, లేవలేదు. చాలాసేపటికి ఆయన అన్నారు.

"మా బాప్ గిదే దుకాణంల గుర్రపు బగ్గీలు అమ్మిండు. నేను మోటర్లు పెడదమన్న దినం ఆయన అన్నం తినలే. నేను నవ్విన. ముసలాయనకు ఏం తెలుసని నవ్విన." గడ్డిపరక ఒకటి తెంపి నీళ్లలో వేసి, "ఇప్పుడు సమజైంది, బేటీ" అన్నారు.

మరునాడు పొద్దున మేస్త్రీలందరినీ తానే కూర్చోబెట్టి చెప్పారు, ట్రాక్టర్ల ఏజెన్సీ తీసుకుంటున్నానని, ఇష్టమున్న ప్రతి ఒక్కరికీ పని ఉంటుందని, కొత్త ఇంజన్ నేర్పడానికి మనిషి వస్తాడని. స్టేషన్ రోడ్డులో కొందరు నవ్వుకున్నారు, మోటార్ సాబ్ నాగళ్లు అమ్ముకుంటున్నాడని. ఆయన వినిపించుకోలేదు. చిక్కు వేరే చోట వచ్చింది. ట్రాక్టరు లోపలికి రావాలంటే ముందున్న అద్దాలు తీసేయాలి. గంగారాం చేతిలో సుత్తి పట్టుకుని ముందుకు కదల్లేకపోయాడు.

"వద్దు సాబ్. అద్దాలు ఉండనీండ్రి. పక్క గోడ కొడుదం. ట్రాక్టర్లు అటు నుంచి తెస్తం."

"ట్రాక్టర్ అటు నుంచి వస్తె రైతు సుత అటు నుంచే వస్తడు గంగారాం," అన్నారు సాబ్. "దొర ముందల నుంచి వచ్చిండు. రైతు సుత ముందల నుంచే రావాలె. తియ్యి."

అద్దాలను ఒక్కొక్కటే చెక్క చట్రాల్లోంచి ఊడదీసి, పాత దుప్పట్లలో చుట్టి లోపలికి మోశారు. నీలం కారును హైదరాబాద్ డాక్టరు ఒకాయన కొనుక్కున్నాడు. అది రోడ్డెక్కి వెళ్తున్నప్పుడు సాబ్ వీపు తిప్పి, కొత్త ట్రాక్టరు చక్రం బోల్టులను శ్రద్ధగా పరీక్షిస్తూ నిలబడ్డారు. బండి చప్పుడు వినపడనంత దూరం పోయాకే తల ఎత్తారు.

ఆయన సరుకు మార్చారు గానీ మర్యాద మార్చలేదు. కమ్మర్‌పల్లి వైపు నుంచి వచ్చిన రైతులు దుకాణం బయట చెప్పులు విడిస్తే, తానే వెళ్లి తొడుక్కోమని లోపలికి తీసుకొచ్చేవారు. దొరలు కూర్చున్న సోఫాలోనే కూర్చోబెట్టి, అవే పింగాణీ కప్పుల్లో చాయ్ ఇచ్చేవారు. వెంట వచ్చిన అవ్వలనూ అక్కలనూ, ఈ బండి వస్తే మీకేం సుఖం, ఏం కష్టం అని నేను అడగాలి. ఆ మాటలు ఆయనకు చెప్పాలి. కోస్తా నుంచి వచ్చి బోధన్ చుట్టుపక్కల క్యాంపుల్లో స్థిరపడిన రైతులు పంట అయ్యాక ఊరికే పలకరించడానికి కూడా వచ్చేవారు. రెండు మూడేళ్లలో మేస్త్రీలకు తలెత్తే తీరిక లేకుండా పోయింది.

ఆ రోజుల్లోనే మెండోర వైపు దొర ఒకాయన మధ్యాహ్నం వేళ గుడ్డ సంచి పట్టుకుని బస్సులో వచ్చాడు. ఒకప్పుడు ఆయన రాక ముందే మనిషి వచ్చి కబురు చెప్పేవాడు. తన పెద్ద కారును అమ్మిపెట్టమని, మాట పైకి రాక, సాబ్ చెవిలో చెప్పాడు. "ఊరంత సూస్తది, యూసుఫ్" అన్నాడు.

"ఊరు చూడనీ దొరా. నేనే వస్త. మరమ్మత్ ఉన్నదని చెప్పి తీస్కపోత. మీరు వెనక సీట్ల కూసోండ్రి, నేను తోల్త. నిజామాబాద్ దాక ఇద్దరం ముచ్చట పెట్టుకుంట పోదం."

చెప్పినట్టే చేశారు. ఆ కారు మళ్లీ ఆ ఊరికి పోలేదు. కానీ ఆ దొర తన కారులో చివరిసారి ఊరి వీధి దాటినప్పుడు, డ్రైవరు సీటులో షేర్వానీ వేసుకుని మోటార్ సాబ్ ఉన్నారు. ఈ మాట దొర ఇంటివాళ్లు తరవాత ఎన్నో ఏళ్లు చెప్పుకున్నారు.

కొన్నేళ్లకు ఆయనే పట్టుబట్టి నన్ను హైదరాబాద్‌లో ఒక మోటారు కంపెనీకి పంపారు. నీకు ఈ ఊరు ఇరుకైంది అన్నారు. అక్కడ ఏ బండికి గిరాకీ ఉంటుందో చూసే విభాగంలో చేరాను. డెబ్బైల్లో పెట్రోలు ధర భగ్గుమన్నప్పుడు మా కంపెనీ ఖరీదైన పెద్ద కారు ఒకటి తేవాలని చూస్తోంది. పెద్దవాళ్ల సమావేశంలో నేను లేచి, ఇందులో ఎవరు కూర్చుంటారు, వాళ్లను ఎవరైనా వెళ్లి అడిగారా అన్నాను. నెల తిరిగేసరికి ఆ కారు ఆలోచన మానుకున్నారు. నాకు మంచి పేరొచ్చింది.

అది సాబ్‌కు చెప్పాలని రైలెక్కాను. అప్పటికే ఆయన మంచం పట్టారు. దిండ్లకు ఆనుకుని కూర్చుని, కథంతా పూర్తిగా విన్నారు. శభాష్ అంటారనుకున్నాను. ఆయన నా ముఖంలోకి చూసి అడిగారు.

"ఆ కారు గీసిన పోరడు ఒకడు ఉంటడు గద, బేటీ. వాడెట్లున్నడు?"

నాకు తెలియదు. ఆ కుర్రవాడి పేరు తెలుసు, అంతే.

"పోయి వాని పక్కన కూసో. చాయ్ తాగు. లోకం మారిందని చెప్పేటోళ్లు శానమంది దొరుకుతరు. చెప్పినంక పక్కన కూసునేటోళ్లే దొరకరు."

హైదరాబాద్ చేరిన రోజే ఆ కుర్రవాణ్ణి వెతుక్కుంటూ పోయాను. క్యాంటీన్‌లో ఇద్దరం టీ తాగాం. మొదట ముభావంగా ఉన్నాడు. తరవాత తన కారు గురించి, ఎవరూ చూడబోని దాని వంపుల గురించి, గాల్లో చేతులతో గీస్తూ సాయంత్రం దాకా చెప్పాడు. నేను విన్నాను. ఆ వానాకాలంలోనే సాబ్ వెళ్లిపోయారు.

తరవాత ఎన్నో ఏళ్లు ఉద్యోగం చేశాను. వ్యాపారాలు ఎదగడం, మునగడం చూశాను. నీ రోజులు అయిపోయాయని మనుషుల ముఖం మీద చెప్పాల్సిన పని నా వంతుకు చాలాసార్లు వచ్చింది. ప్రతిసారీ ఉన్నదున్నట్టే చెప్పాను. చెప్పాక మాత్రం, నాకు ఎంత పని ఉన్నా, వాళ్లు లేచేదాకా నేను కుర్చీలోంచి లేవలేదు.