అగ్గిపెట్టె టీచరు కనుబొమలు

మూడో తరగతి చెప్పే ఆవిడకు పిల్లలు పెట్టిన పేరు అగ్గిపెట్టె టీచరు. మనిషి పొట్టి, కోపం పొడుగు. సుద్దముక్క విరిగితే కోపం, కిటికీ రెక్క కొట్టుకుంటే కోపం, పక్క గదిలో ఎవరైనా గొంతు పెంచితే కోపం. అయితే ఏ పిల్ల మీదా చెయ్యి చేసుకున్న దాఖలా లేదు. ఆ మంటంతా మొహంలోనే వెలిగి, మొహంలోనే ఆరిపోయేది.

ఆవిడకు అన్నిటికన్నా ఒళ్లు మండేది ఒప్పజెప్పడం చూస్తే. పొద్దున్నే పిల్లలను వరసగా నిలబెట్టి, నిన్నటి పాఠాన్ని పుస్తకం చూడకుండా అప్పగించమనడం ఆ బడిలో ఎప్పటినుంచో ఉన్న అలవాటు. గడగడా చెప్పినవాళ్లు తెలివైనవాళ్లు, నీళ్లు నమిలినవాళ్లు మొద్దులు. హెడ్మాస్టరు దగ్గర ఇంకో కొలత లేదు.

ఆ కొలతలో బడికల్లా తెలివైనది బట్టలు కుట్టే ఆవిడ కూతురు, మూడో తరగతి పిల్ల. పాఠం ఒక్కసారి వింటే చాలు, మర్నాటికి పొల్లుపోకుండా చెప్పేసేది. పుస్తకం చేతికిస్తే వరసల కింద వేలు జరుపుతూ చదివేది కూడా. తల్లిదండ్రుల సభలో వేదిక మీద పాఠం చదవడానికి హెడ్మాస్టరు ఈ పిల్లనే ఎంచాడు. తల్లి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. కుట్టుకు వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంది.

సభ కోసం సాధన చేయిస్తుండగా ఒకరోజు పిల్ల చేతిలో రెండు కాగితాలు కలిసి తిరిగాయి. మధ్యలో రెండు పేజీలు ఎగిరిపోయాయి. పిల్ల మాత్రం ఎక్కడా తడబడలేదు. కంటి ముందు లేని వాక్యాలను చక్కగా చదువుకుంటూ పోయింది.

టీచరు బీరువాలోంచి కొత్త కథల పుస్తకం తీసి, బొమ్మల్లేని పేజీ తెరిచి ముందు పెట్టింది.

“ఇది చదువు.”

పిల్ల అక్షరాల వైపు ఒకసారి, టీచరు మొహం వైపు ఒకసారి చూసింది. “అనగనగా ఒక గుర్రం...” మళ్లీ మొహం చూసింది. “కాదు, గొర్రె...” ఇంకోసారి చూసింది. “గాడిద!”

“ఎలా కనుక్కున్నావే?”

పిల్ల ఏమీ దాచలేదు. అందులో దాచాల్సింది ఉందని దానికి తెలియదు. “మీ కనుబొమలు దగ్గరికొస్తే తప్పు టీచర్. ముక్కు కూడా ఎగిరితే ఇంకా పెద్ద తప్పు. రెండూ మామూలుగా ఉంటే కరెక్టు.”

చెంప ఛెళ్లుమన్నట్టయింది ఆవిడకు. ఒప్పజెప్పడాన్ని నోరారా తిట్టే తనే, ఇన్నాళ్లూ మొహంతో జవాబులు అందిస్తూ వచ్చింది! ఈ బడి మూడో తరగతి వరకే, పై ఏడాది ఈ పిల్ల పెద్దబడికి వెళ్తుంది. అక్కడ పాఠం చదివి వినిపించే వాళ్లుండరు. ప్రశ్న కాగితం మీద ఉంటుంది, కాగితానికి కనుబొమలుండవు. అప్పుడీ పిల్ల ఎవరి మొహం చూస్తుంది?

విసవిసా హెడ్మాస్టరు గదికి వెళ్లింది. “ఆ పిల్లకు చదవడం రాదండీ. సభలో వద్దు.”

“రాకపోవడమేంటమ్మా? గడగడా చెబుతుంటే!”

“అది చెప్పడం. చదవడం కాదు.”

“వినేవాళ్లకు రెండూ ఒకటే. వచ్చినవాళ్లు పుస్తకంలోకి తొంగిచూస్తారా ఏంటి?”

“తొంగిచూడాల్సింది మనం కదండీ! మూడేళ్లు మన కళ్లెదుటే కూర్చుంది. ఒక్కరమైనా చూశామా? బంగారం లాంటి పిల్లను మెచ్చుకుని మెచ్చుకుని గుడ్డిదాన్ని చేశాం!”

హెడ్మాస్టరు పిల్ల పేరు కొట్టేసి, టీచరుతో మాటలు మానేశాడు. పీడా పోయిందనుకుంది ఆవిడ.

మర్నాడు పిల్ల తల్లి గేటు దగ్గరే కాచుకుని ఉంది. “మా పిల్లకు చదువు రాదన్నారంట? రోజూ నా పక్కనే కూర్చుని చదువుతుంది! వచ్చి చూడండి!”

“వస్తాను. ఈ సాయంత్రమే వస్తాను,” అంది టీచరు అంతే గట్టిగా.

ఒకటే గది. నేలంతా గుడ్డపీలికలు, గోడవారగా కుట్టుమిషను. తల్లి పుస్తకంలోకి ఓ కన్నేస్తూ తొక్కుతోంది, పిల్ల పక్కన కూర్చుని రేపటి పాఠం చదువుతోంది. పిల్ల ఒక మాట తప్పు పలికింది. మిషను ఆగింది. పిల్ల ఇంకో మాట పలికింది. మిషను కదిలింది. కాసేపటికి మళ్లీ అదే తంతు. మిషను ఆపుతున్నానని తల్లికే తెలియదు.

“చూశారా?” అంది టీచరు. “మీ పిల్ల పుస్తకం చదవట్లేదమ్మా. మీ కాలు చదువుతోంది.”

తల్లి కాలు మిషను మీదే బిగుసుకుపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. “సాయం చేస్తున్నాననే అనుకున్నానండీ.”

“నేనూ అదే వెలగబెట్టాను లెండి,” అంది టీచరు. “ఇకనుంచి అది చదువుతున్నంతసేపూ ఇల్లు అంటుకున్నా మిషను ఆపకండి!”

బడి వదిలాక క్లాసులో పిల్ల చదువు మళ్లీ గుణింతాల నుంచి మొదలైంది. అక్షరాలు దిద్దించేటప్పుడు టీచరు ఎదురుగా కూర్చునేది. చదివించేటప్పుడు మాత్రం కుర్చీని నల్లబల్ల వైపు తిప్పుకుని, పిల్లకు వీపు పెట్టి కూర్చునేది. మొదట్లో పిల్ల ఏడ్చేసింది. “ఒక్కసారి ఇటు తిరగండి టీచర్!”

“తిరగను. నా మొహంలో ఏముంది, నీ తలకాయ! పుస్తకం చూడు.”

తిరగకుండా ఉండటం ఆవిడకూ నరకమే. మాట నాలుక చివరిదాకా వచ్చేది. పళ్లు నూరుతూ ఆపుకునేది. పిల్ల కూడబలుక్కుంటూ, ఆగుతూ, తనంతట తనే దిద్దుకుంటూ ఒక్కో వరస దాటేది.

సభ జరిగే రోజు మైకు ఊరంతా వినిపించేలా మోగుతోంది. ఇంకో పిల్లాడు గడగడా ఒప్పజెబుతున్నాడు. చప్పట్లే చప్పట్లు. ఖాళీ క్లాసులో టీచరు నల్లబల్ల వైపు కూర్చుని కుతకుతలాడిపోతోంది. గాడిద కథ ఎప్పుడో అయిపోయింది. పిల్ల ఇంకో కథలో ఉంది, అది టీచరు కూడా చదవలేదు.

ఉన్నట్టుండి వెనక పిల్ల గొంతు ఆగిపోయింది.

టీచరు ఎదురుచూసింది. ఉలుకూ పలుకూ లేదు. ఏదో మాట దగ్గర చిక్కుకుపోయింది కాబోలు. మైకు మీద కోపం, హెడ్మాస్టరు మీద కోపం, అన్నిటికన్నా తన మీద తనకు పట్టలేనంత కోపం. వెనక్కి తిరిగి, చూసి చెప్పేద్దామా? ఆవిడ కుర్చీ చేతులను గట్టిగా పట్టుకుంది.

కాగితం తిరిగిన చప్పుడైంది. కాసేపటికి పిల్ల కిసుక్కున నవ్వింది. ఆపుకోలేక ఇంకా నవ్వింది.

“ఏంటే ఆ నవ్వు? ఏముందక్కడ?”

“ఉండండి టీచర్, మధ్యలో మాట్లాడకండి.”

అగ్గిపెట్టె టీచరు నోరు మూసుకుని కూర్చుంది.