తువ్వాలలాయన ఉత్తరాలు

ఒకే మనిషికి మూడు వందల ఉత్తరాలు పంపుతూ, మూడు వందల మందికి తలా ఒక ఉత్తరం పంపుతున్నానని నమ్మిన బుద్ధిమంతుణ్ణి నేను. పైగా జగిత్యాలలో ఒక ప్రైవేటు కాలేజీలో ఏళ్ల తరబడి వాణిజ్యశాస్త్రం చెప్పినవాణ్ణి. నా దగ్గర చదువుకున్న పిల్లలు కొందరు ఇవాళ మంచి వ్యాపారాలు చేసుకుంటున్నారు. పాఠం చెబుతుంటే వాళ్ళు వినలేదనడానికి అంతకంటే రుజువు అక్కర్లేదు.

కాలేజీ మూతబడింది. జాబు పోయింది కనక జాబులు రాయడం మొదలుపెట్టాను. సిరిసిల్లలో మా బావమరిదికి నాలుగు మరమగ్గాలు ఉండేవి. వాటిని అక్కడ సాంచాలు అంటారు. వాటి మీద నూలు తువ్వాలలు నేసేవాడు. టోకు వ్యాపారులు పాలిస్టరు వైపు తిరిగాక వాడి సరుకు అడిగేవాళ్ళు లేరు. అప్పటికే దుబాయికి పొమ్మని కోరుట్ల ఏజెంటు ఒకడు వాడి వెంటపడుతున్నాడు. బావమరిది పాస్‌పోర్టు, కాగితాలు అన్నీ ఏజెంటుకు ఇచ్చి పెట్టాడు గానీ, వాడికి పోవాలని లేదు. "నీ తువ్వాలలు నేను ఆన్‌లైన్ల అమ్ముత, నువ్వు సాంచాలు బందువెట్టకు" అన్నాను. ఆ మాట అన్నది నేనే. ఎవరూ అనిపించలేదు.

వెబ్‌సైటు తయారైంది. కొనేవాళ్ళే తయారు కాలేదు. అప్పుడు ఒక వీడియోలో ఒకాయన, ముందు జనం మెయిల్ ఐడీలు పోగు చెయ్యండి, వారం వారం వాళ్ళకు కమ్మగా ఉత్తరం రాయండి, నమ్మకం కుదిరాక వాళ్ళే కొంటారు అని చెప్పాడు. మెయిల్ చేసిన మేలు మరువరు అని నాకు నేనే ఒక సామెత కూడా కట్టుకున్నాను.

కోరుట్ల బస్టాండు దగ్గర తెలిసిన బట్టల దుకాణం ముందు బల్ల వేసుకుని కూర్చున్నాను. మెయిల్ ఐడీ చెప్పినవాళ్ళకు ఒక దస్తీ, అదే చేతిరుమాలు, ఉచితం. దస్తీ అందరికీ కావాలి. ఐడీ ఎవరికీ గుర్తులేదు.

"ఆగు సార్, ఫోన్ కొట్టి అడుగుత" అనేవాళ్ళు. ఎవరికో ఫోను చేసేవాళ్ళు. "అన్నా, నా మెయిల్ ఏంది? ఆ, స్పీకర్ల వెట్టిన, చెప్పు." అవతలి గొంతు అక్షరం అక్షరం చెప్పేది, నేను ఎక్కించుకునేవాణ్ణి. ప్రతిసారీ అదే గొంతు. కోరుట్లవాళ్ళ గొంతులు ఒక్క తీరుగా ఉంటాయి కాబోలు అనుకున్నాను. సొంత చిరునామా ఇంకొకరిని అడిగి చెప్పేవాళ్ళకు ఉత్తరం రాస్తే అది ఎవరికి చేరుతుందన్న ప్రశ్న, వాణిజ్యశాస్త్రంలో లేదు గనక, నాకు తట్టలేదు.

ఉత్తరాలు మొదలయ్యాయి. కింద నా పేరు ఉండేది కాదు, దుకాణం పేరే. తువ్వాల ఎలా ఉతకాలి, కొత్త తువ్వాల నీళ్ళు ఎందుకు పీల్చదు, మా తాత ఒకే తువ్వాలను తలగుడ్డగా, సంచిగా, దిండుగా ఎలా వాడేవాడు, ఇలాంటివి. ఎంతమంది తెరిచారో చూపించే వసతి ఉంది. చూస్తే దాదాపు అందరూ తెరిచారు. కొద్దిమంది తెరిస్తేనే గొప్ప అని వీడియో ఆయన అన్నాడు. నేను పొంగిపోయి బావమరిదికి ఫోను చేశాను.

"అందరు తెరుస్తున్నరు."

"తెరిస్తే ఏం లాభం బావా? కొంటలేరు గదా."

"నమ్మకం కుదరాలె. కొద్దిగ ఓపిక వట్టు."

"నాకున్నది ఓపిక. నూలు ఇచ్చేటోనికి లేదు" అన్నాడు. వెనక సాంచాల చప్పుడు వినిపించింది. ముందు వారం కంటే తక్కువగా వినిపించింది. అడగలేదు.

ఇంకో నెల ఆగమన్నాను. ఆగాడు. ఉత్తరాలు వారానికి రెండు చేశాను. అన్నీ తెరుచుకుంటూనే ఉన్నాయి. మా ఆవిడ ముందుగదిలో తువ్వాలల కట్టల మీద దుప్పటి పరిచింది. వచ్చినవాళ్ళు అదేదో దివాను అనుకుని కూర్చునేవాళ్ళు.

ఒకరోజు పొద్దున బావమరిది ఫోను. "వీసా వచ్చిందట బావా. కోరుట్లల నెట్ సెంటర్ల ప్రింటు ఇస్తరట. నువ్వు గూడ రా. ఇంగ్లీషుల ఉంటది."

పోయాను. నెట్ సెంటర్ ఆయన నలభై ఏళ్లవాడు, మర్యాదస్తుడు. నోరు తెరవగానే ఆ గొంతు గుర్తుపట్టాను. మా వైపు మెయిల్ ఐడీ ఉత్తరాల కోసం పుట్టదు, పాస్‌పోర్టు కోసం పుడుతుంది. గల్ఫ్‌కు పోయే ప్రతివాడికీ అది ఈయనే పుట్టించాడు. మరిచిపోతారని పాస్‌వర్డు తనే దాచుకున్నాడు. అందరికీ వచ్చే మెయిళ్ళన్నీ తన పెట్టెలోనే పడేలా ఏర్పాటు చేసుకున్నాడు. తెర మీద ఆ పెట్టె తెరిచి ఉంది. పై నుంచి కిందికి నా దుకాణం పేరే. నడుమ ఒకే ఒక్క వేరే వరుస, బావమరిది వీసా.

"ఇవేంటి?" అన్నాను.

"గవ్వా? ఎవలో తువ్వాలలాయన సార్. వారం వారం రాస్తడు పాపం."

"నువ్వు తెరుస్తవా?"

"తెరువకుంటె ఎట్ల సార్? దేంట్ల ఎవలి వీసా ఉంటదో ఏం ఎరుక? ఒక్కటి గూడ ఇడువకుంట తెరుస్త."

"మరి వాళ్ళకు చెప్పవా, ఉత్తరం వచ్చిందని?"

"వీసా అస్తె చెప్త. తువ్వాలల ముచ్చట గూడ చెప్పాల్నా సార్?" నవ్వాడు. "కని మంచిగ రాస్తడు. వాళ్ళ తాత ముచ్చట చదివి మస్తు నవ్విన."

"కొన్నవా మరి?"

"నాకు తువ్వాలలు ఉన్నయి సార్."

బావమరిది నేల చూస్తున్నాడు. ప్రింటు వేడిగా బయటికి వచ్చింది. మడిచి జేబులో పెట్టుకుని, "పోదాం పా బావా" అన్నాడు. అంతే. తిట్టి ఉంటే బాగుండేది అని ఇప్పుడు అనుకుంటాను. అప్పుడు ఏమీ అనుకోలేదు. వాడు సిరిసిల్ల బస్సెక్కాడు, నేను జగిత్యాల బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. ఎండ మోకాళ్ళ మీద పడుతోంది. పక్కసీటు ఖాళీగానే ఉంది, జరగాలని తోచలేదు. జగిత్యాలలో దిగాక చూసుకుంటే ప్యాంటు కాలుతోంది.

సాంచాలు వేరేవాళ్ళు తీసుకుపోయారు. తీసుకుపోతున్నప్పుడు నేనూ ఒక చెయ్యి వేశాను. బరువు తెలియలేదు. ఇంటికొచ్చి అన్నం తిన్నాను. ఏం కూరో మా ఆవిడ అడిగితే చెప్పలేకపోయాను. ఉత్తరాలు మాత్రం ఇంకో వారం రాశాను, అలవాటు కొద్దీ. తెరుచుకున్నాయి.

ప్రయాణానికి సూట్‌కేసు నేను కొనిస్తానన్నాను. జగిత్యాలలో పెద్ద దుకాణానికి వెళ్ళాం. బావమరిది ఒక నల్లటిది ఎంచుకుని, ఒకసారి చక్రాల మీద నడిపించి చూసి, "నడుస్తది" అన్నాడు. బిల్లు దగ్గర కూర్చున్న అమ్మాయి అడిగింది.

"సార్, మీ మెయిల్ ఐడీ? ఆఫర్లు వస్తయ్."

"రోజూ వస్తయా?"

"పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి సార్. పండుగలకు ఎక్కువస్తయ్."

"సూట్‌కేసులయేనా?"

"బూట్లయి, గొడుగులయి, గడియారాలయి, అన్ని మాయే సార్. అన్నిటికి పెట్టాల్నా?"

"అన్నిటికి పెట్టు బిడ్డా" అన్నాను. ఆ రోజు తెర మీద చూసిన నెట్ సెంటర్ ఆయన ఐడీ అక్షరం అక్షరం చెప్పాను. బావమరిది నా వైపు చూశాడు. వీసా వచ్చినప్పటి నుంచి వాడు నవ్వడం చూడలేదు.

"నాది గూడ రాసుకో అమ్మా" అని ముందుకు వంగాడు. "గదే పెట్టెల వడ్తది."