చిటికెన వేలంత సందు

గాజులాయన చనిపోయాడని పోయిన శుక్రవారం ఆయన కోడలు ఫోన్ చేసి చెప్పింది. "మామ తెల్లారుజామున పోయినాడు సార్. మధ్యాహ్నం నమాజు అయినాక మట్టి. మీకు చెప్పల్ల అనిపించింది" అంది. సరేనమ్మా అన్నాను. మొదట నాకు కలిగింది దుఃఖం కాదు. నా భార్య చేతి కొలత ఎంతో ఆయన్ని అడగాలని మూడేళ్లుగా అనుకుంటున్నాను. అడగలేదు. ఇక అడగడానికి ఎవరూ లేరు.

అడగకపోవడానికి కారణం ఓర్వలేనితనం. చనిపోయిన మనిషి గురించి రాసేటప్పుడు ఇలాంటివి దాచాలంటారు. ఇది దాస్తే ఆయన గురించి రాయడానికి నా దగ్గర పెద్దగా ఏమీ మిగలదు.

ఉరవకొండ బజారులో ఆయన గాజుల అంగడి చాలామందికి తెలుసు. అంగడి పెట్టకముందు సైకిల్ వెనుక గాజుల పెట్టె కట్టుకుని చుట్టుపక్కల పల్లెలు తిరిగేవాడు. నా భార్యకు ఐదేళ్లప్పుడు, ఆమె పుట్టిన ఊళ్లో, మొదటి గాజులు తొడిగింది ఆయనే. ఆమె ఆయన్ని చిన్నాయనా అని పిలిచేది. దాంతో పెళ్లయిన మొదటి ఏడే నేను ఆయనకు అల్లుణ్ణయ్యాను.

అంగడి పెట్టాక కూడా శ్రావణ మాసంలో మా ఇంటికి ఆయనే వచ్చేవాడు. వసారాలో చాప మీద కూర్చునేవాడు. ఆమె ఎదురుగా కూర్చుని చేయి ఇచ్చేది. ఆయన ఆ చేతిని చూసేవాడు కాదు. వీధి వైపు చూస్తూ ఏదో మాట్లాడుతూ, బొటనవేలి కింది ఎముకను మెల్లగా ఒత్తేవాడు. గాజు మణికట్టుకు చేరేది.

"ఈ యేడు శెనక్కాయల్లో కలుపు నువ్వే పెరికినట్టుండావే పాపా. చేయి గట్టిపడిండాది."

"కూలోళ్లు దొరకలేదు చిన్నాయనా."

"మరి మా అల్లుడు యాడికి పోయినాడు?"

"ఆయప్పకు కాలేజీ ఉండాది కదా. గడ్డి పెరకమంటే ముందు దాని పొడుగు కొలుస్తాడు."

ఇద్దరూ నవ్వేవారు. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. పేపరు చదువుతున్నట్టు కూర్చునేవాణ్ణి. ఆమె కళ్లు మూసుకుని ఉండేది. చేయి పూర్తిగా వదిలేసి ఉండేది. నా చేతిలో ఆ చేయి ఎప్పుడూ అలా ఉండలేదు. ఒకసారి అడిగేశాను కూడా. "నీ చేతిలో పెడితే ఏందో ఒకటి అడుగుతావని భయం. చిన్నాయన చేతిలో పెడితే చేయి ఉండాదనే మరిచిపోతా" అంది.

పెళ్లయిన పదో ఏట ఆమెకు గడియారం కొన్నాను. చెప్పకుండా ఇవ్వాలని, గూట్లో ఉన్న ఆమె గాజు ఒకటి కాలేజీకి తీసుకెళ్లి, లాబ్‌లో వెర్నియర్ కాలిపర్స్‌తో లోపలి వ్యాసం కొలిచాను. చుట్టుకొలత లెక్కగట్టి కాగితం మీద రాశాను. అనంతపురంలో ఆ కొలతకే తోలు పట్టీ కోయించి, ఒకే ఒక్క రంధ్రం వేయించాను. ఆమె పెట్టుకుని చేయి పైకెత్తింది. గడియారం మోచేతి దాకా జారింది. చేయి దించింది. నేల మీద పడింది.

ఆ శ్రావణంలో ఆమె దాన్ని గాజులాయనకు చూపించింది. కొలత ఎట్లా తీశానో కూడా చెప్పింది. ఆయన చాలాసేపు నవ్వాడు.

"గాజు పిడికిలి దాటల్ల అల్లుడా, అందుకే పెద్దది. గడియారం దేన్నీ దాటే పన్లేదు. మణికట్టు కాడ కుదురుగా కూచుంటే చాలు. ఇంత చదువుకుంటివి, పెండ్లాం చేయి పట్టుకుని చూస్తే పోయేదానికి గాజును పట్టుకుపోతివా?"

పట్టీని ఆమె మణికట్టుకు చుట్టి, మధ్యలో తన చిటికెన వేలు దూర్చాడు. "ఇంత సందు ఉండల్ల. ఎక్కువైతే జారతాది, తక్కువైతే నొస్తాది." దబ్బనం కాల్చి అక్కడే ఇంకో రంధ్రం పెట్టాడు. లెక్క రాసిన కాగితాన్ని నేను ఆ రోజే చించేశాను. ఆమె ఆ గడియారాన్ని పందొమ్మిదేళ్లు పెట్టుకుంది.

మూడేళ్ల కిందట ఆమె జబ్బుతో పోయింది. ముత్తయిదువుగా పోయింది, ఆకుపచ్చ గాజులు తొడగాలి అన్నారు ఆడవాళ్లు. బజారు నుంచి తెచ్చిన గాజులు ఆమె చేతికి నిలవలేదు. చేయి అంత చిక్కిపోయింది. అప్పుడు ఆయన వచ్చాడు. ఎవరూ చెప్పకపోయినా చిన్న సైజు గాజులు తెచ్చాడు. అంతకు నెల ముందు ఆమెను చూడటానికి వచ్చినప్పుడు ఒక్కసారి ఆ చేయి పట్టుకున్నాడు, అంతే.

ఇప్పుడు తొడిగేది కూడా ఈయనే అనుకున్నాను. ఆ రోజు కూడా ఓర్వలేకపోయాను. ఆయన గాజులు నా చేతిలో పెట్టాడు.

"నేను శానా ఏండ్లు తొడిగినా. ఇప్పుడు నువ్వు తొడగల్ల."

"నాకు రాదు" అన్నాను.

"నేను చెప్తా కదప్పా. బొటనవేలు లోపలికి మడువు. ఆ, ఆ ఎముకే. ఒత్తు. నిదానంగా."

ఒకటి నా చేతిలోనే పగిలింది. "పోనీలే. కొత్త చేయి కదా" అన్నాడు. నా చేతినే అన్నాడు. మిగతావి తొడిగాను. ఆయన ఒక్కసారి కూడా ఆమెను తాకలేదు.

అంత ఇచ్చినా నా బుద్ధి మారలేదు. పదిరోజుల్లో ఆమె గాజులన్నీ బంధువులు పంచుకున్నారు. ఒక్కటి దాచుకోవాలన్న తెలివి నాకు లేకపోయింది. తరువాత అలాంటిదే ఒకటి కొనాలనుకుంటే సైజు తెలియదు. ఆయన అంగడి ముందు నుంచి ఎన్నోసార్లు వెళ్లాను. "రాప్పా, కూచో" అనేవాడు. పని ఉందని వచ్చేసేవాణ్ణి. అడిగితే, ఇరవై తొమ్మిదేళ్లు కాపురం చేసిన నాకు తెలియనిది ఆయనకు తెలుసని ఒప్పుకోవాలి.

శుక్రవారం నేనూ పిడికెడు మట్టి వేసి వచ్చాను. వాళ్ల ఇంటి ముందు ఆడవాళ్లు చాలామంది ఉన్నారు. "నా చేయి ఆయప్పకు తప్ప ఎవరికీ తెలీదు" అని ఒక ముసలామె ఏడుస్తోంది. ఆమె మాట మీద కూడా నాకు ఓర్వలేనితనమే కలిగింది.

సైజులు ఎక్కడైనా రాసి పెట్టాడా అని కోడలిని అడిగాను.

"మామ ఏదీ రాసేటోడు కాదు సార్. అంతా ఆయప్ప చేతిలోనే."

ఇంటికొచ్చి బీరువాలోంచి ఆమె గడియారం తీశాను. అది ఎప్పుడో ఆగిపోయింది. పట్టీకి రెండు రంధ్రాలు. నేను వేయించినది ఇప్పటికీ కొత్తగానే ఉంది. ఆయన కాల్చి పెట్టినది సాగి, దాని దగ్గర తోలు నల్లగా మడత పడింది. ఆ రంధ్రంలోనే బకిల్ పెట్టి, బల్ల మీద నిలబెట్టాను. చిన్న సున్నాలా నిలబడింది. ఇంతే చేయి.

పట్టీ లోపల నా చిటికెన వేలు ఆనించి చూశాను. రెండో పక్క ఏదీ తగల్లేదు.