అతుల్ క్యూ కర్ర

ముంబై నాగ్‌పాడా పూల్ పార్లర్‌లో గెలిచినా ఓడినా, అతుల్ బంతులు కొట్టే తన క్యూ కర్ర కొనకు కొత్త తోలు టిప్పు తానే వేసుకుంటాడు. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే కామాటిపురలో, వరస గదుల చాల్‌లో వాళ్ల గది ఆ కర్రకు చాలదు కాబట్టి గుమ్మంలో కూర్చుంటాడు. కర్ర సగం గదుల ముందున్న గ్యాలరీలోకి పొడుచుకొస్తుంది. అరిగిన తోలును బ్లేడుతో గీకేసి, కర్ర కొనను గరుకు కాగితంతో రుద్ది, చుక్క జిగురు వేస్తాడు. చొక్కా గుండీ అంత తోలుబిళ్లను దానిమీద పెట్టి, బొటనవేలితో నొక్కి, ఊపిరి బిగబట్టి కూర్చుంటాడు.

ఆ ఆదివారం, చాల్ మరమ్మతుకు సిమెంటు మోస్తున్న పాలమూరు కూలీ నర్సింలు అతని ముందు ఆగి, తెగిన చెప్పు విప్పి చేతిలోకి తీసుకున్నాడు.

"తోలుపని మంచిగ జేస్తున్నవ్ అన్నా. జర దీనిక్కూడ ఒక సుక్క ఏస్తవా? మెట్లెక్కుతుంటే కాలికెల్లి ఊడొస్తుంది."

పక్క గది కుర్రాళ్లు కిసుక్కున నవ్వారు. "దుకాణ్ ఖోల్ లే, అతుల్!" అన్నాడొకడు, చెప్పుల కొట్టు తెరుచుకోమన్నట్టు.

అతుల్ ముఖం కందిపోయింది. "తెలుగు నహీ ఆతా," అని తెలుగు రానివాడిలా హిందీలో అన్నాడు తలెత్తకుండా.

"మాఫ్ కరో సేట్," అని నర్సింలు మెట్లు దిగసాగాడు.

లోపలి నుంచి తల్లి కేకేసింది. "అతులూ, ఎవలొచ్చిన్రురా?"

"ఎవల్లేరే అమ్మా!"

తెలుగు మాట నోరు జారాక గానీ అతుల్‌కు తెలియలేదు. మెట్లమీద అడుగుల చప్పుడు ఆగింది. నర్సింలు వెనక్కి తిరగలేదు. ఒక కాలికి చెప్పుతో, ఇంకో కాలు ఉత్తిగానే దిగిపోయాడు. జిగురు ఎప్పుడో ఆరిపోయింది. అయినా అతుల్ వేలు తీయకుండా, టిప్పునే చూస్తూ కూర్చున్నాడు.