దేవుడి గదికి లోపలి గడియ

గుంటూరులో ఇంటీరియర్స్ చేస్తాను కాబట్టి మా చుట్టాలందరికీ నేను ఊరికే దొరికే సలహాని. పెళ్ళిలో భోజనానికి కూర్చుంటే చాలు, పప్పు వడ్డించేలోపే ఎవరో ఒకరు సెల్‌ఫోన్ తీసి, "ఇది ఏ స్టైలే అమ్మాయ్?" అని ఓ ఫొటో చూపిస్తారు. చెబుతాను. తెల్ల గోడలు, లేత రంగు చెక్క, కిటికీ నిండా వెలుతురు, పుల్లల్లాంటి కాళ్ళున్న కుర్చీలు ఉంటే స్కాండినేవియన్. ఇటుకలు, ఇనప పైపులు, వైర్లు అన్నీ బయటికి కనిపిస్తుంటే ఇండస్ట్రియల్. దాచేపల్లిలో ఒకాయనకి సరదాపడి అలా ఓ గోడ చేయిస్తే, "సిమెంటు ఫ్యాక్టరీల పక్కన ఉండి గోడకి సిమెంటు పూయించుకోలేకపోయాడని నలుగురూ నవ్వరూ?" అని మేస్త్రీని పిలిచి నా కళ్ళముందే పూయించేశాడు. గదిలో ఏమీ లేకపోతే మినిమలిస్ట్. అన్నీ ఉంటే మాత్రం ఆ ఇంటివాళ్ళ ముందు నేను ఓడిపోయానని అర్థం.

ఇవి నవ్వుకుంటూ చెప్పే కబుర్లు. మా పిన్ని ఇంటి సంగతి మాత్రం నవ్వుతూ చెప్పలేను. ఇప్పటికీ తలుచుకుంటే పళ్ళు పటపటలాడతాయి.

పిన్ని మా అమ్మకి చెల్లెలు. పర్చూరు దగ్గర పల్లెలో ఉంటుంది. మా తాతయ్య పసుపు కుంకుమల కింద ఇచ్చిన స్థలంలో కట్టిన ఇల్లు, ఆమె పేరు మీదే ఉంది. పిల్లలు లేరు. బాబాయి మిర్చి, పత్తి, పొగాకు పండిస్తాడు. బయట పెద్దమనిషి. ఎవరింట్లో శుభకార్యమైనా ముందుండి వడ్డన చేయిస్తాడు. ఇంట్లో పిన్నిని కొడతాడు. మావాళ్ళు దాన్ని "కాస్త చెయ్యి చేసుకుంటాడు" అంటారు. ఒకసారి బెల్టుతో కొడితే పిన్ని జబ్బ మీద బెల్టు బిళ్ళ అచ్చు పడింది. ఒకసారి జుట్టు పట్టుకుని గడపకేసి కొడితే ముందుపన్ను విరిగింది. అప్పుడు కూడా "చెయ్యి చేసుకున్నాడు" అనే అన్నారు. పక్కింటివాళ్ళు గోడ అవతల గిన్నెలు తోముకుంటూనే ఉండేవాళ్ళు. మొగుడూ పెళ్ళాల మధ్య మనమెందుకు అనుకునేవాళ్ళు.

ఆ ఇంట్లో పిన్నిని కాపాడింది మనుషులు కాదు, ఒక కొట్టు గది. మిరపకాయల టిక్కీలు, అదే బస్తాలు, నిలవ చేసే గది. దానికి పాత టేకు తలుపు, లోపలివైపు ఇనప అడ్డగడియ ఉండేవి. ఆ గడియ అక్కడ ఎందుకు పెట్టారో ఎవరికీ తెలియదు. బాబాయి చెయ్యి లేవగానే పిన్ని పరుగెత్తుకెళ్ళి అందులో దూరి గడియ వేసుకునేది. ఘాటుకి కళ్ళూ ముక్కూ కారిపోతున్నా టిక్కీల మధ్యే కూర్చునేది. ఆయన కోపం దిగాక వచ్చేది. మా ఇంటికి వచ్చినప్పుడు ఆమె ఒంటి మీంచి వచ్చే మిరపకాయల వాసన పీల్చి, వాళ్ళింట్లో ఆ వారం ఏం జరిగిందో మా అమ్మ చెప్పేసేది.

తర్వాత మిర్చి అంతా కోల్డ్ స్టోరేజీకే వెళ్ళిపోవడం మొదలైంది. హైదరాబాద్‌లో ఎవరి ఇంటికో గృహప్రవేశానికి వెళ్ళొచ్చిన బాబాయికి ఓపెన్ ప్లాన్ పిచ్చి పట్టింది. ఓపెన్ ప్లాన్ అంటే తెలిసిందే కదా, హాలూ వంటగదీ భోజనాల చోటూ అన్నీ ఒకటే. మధ్యలో గోడలుండవు. వంటగదిలో ఐలాండ్ అని నడుమెత్తు రాతి దిమ్మె ఒకటి, వీధివైపు నేలనుంచి కప్పుదాకా అద్దం. నాకు ఫోన్ చేసి రమ్మన్నాడు. నేను వెళ్ళేసరికి కూలీల్ని కూడా ఆగనివ్వకుండా, లుంగీ ఎగ్గట్టి తానే సమ్మెటతో గోడలు పడగొడుతున్నాడు. మొదట పడగొట్టింది కొట్టు గది గోడనే. ఒక్కో దెబ్బకీ ఆ పాత గోడలోంచి ఎర్రటి కారపు దుమ్ము లేచి మా అందరికీ దగ్గు తెప్పించింది. ఆయన దగ్గుతూ, నవ్వుతూ కొడుతూనే ఉన్నాడు.

"మొగుడూ పెళ్ళాం ఉండే ఇంట్లో తలుపులెందుకమ్మా? దాపరికాలేవన్నా ఉన్నాయా మనకి?" అన్నాడు నాతో, పిన్ని వైపు చూస్తూ.

పిన్ని మంచినీళ్ళ చెంబు పట్టుకుని నిలబడింది. నాకు చెంబు అందిస్తూ పెదవులు కదిలీ కదలకుండా అంది. "ఏ ఇస్టైలన్నా చెయ్యవే. ఒక్క తలుపు ఉంచు. లోపల గడియ ఉండేది."

అంతే. ఆ పని నాకు దేశంలో ఉన్న పెద్ద పెద్ద విల్లాలన్నిటికంటే ముఖ్యమైపోయింది. గుంటూరు వచ్చి నా దగ్గరున్న పుస్తకాలన్నీ ముందేసుకుని, ఏ స్టైల్లో గట్టి తలుపు ఇముడుతుందా అని వెతికాను. ఫార్మ్‌హౌస్ స్టైల్లో పెద్ద చెక్క తలుపు ఉంటుంది. కానీ అది పట్టాల మీద పక్కకి జరిగేది, లాగితే వచ్చేస్తుంది. జపాన్ పద్ధతిలో చెక్క చట్రానికి కాగితం అంటించిన తలుపులు. బాబాయి చూపుడువేలు చాలు వాటికి. ఇండస్ట్రియల్‌లో నల్ల ఇనప చట్రంలో అద్దం. లోపల పిన్ని ఎక్కడ కూర్చుందో కూడా కనబడుతుంది. మినిమలిస్ట్‌లో తలుపుకి పిడే ఉండదు. బోహీమియన్ అయితే పూసల తెరలు. ఈ స్టైళ్ళు కనిపెట్టినవాళ్ళెవరూ తన్నులు తిని ఎరగరు కాబోలని తిట్టుకున్నాను. పడకగదికి తలుపుంది, కానీ దానికి లోపల గడియ పెట్టనివ్వడు, బాత్రూముకి కూడా ప్లాస్టిక్ తలుపు చాలన్నాడు.

అప్పుడు తట్టింది దేవుడు. బాబాయి ముందు డ్రాయింగ్ పరిచి, మహా అమాయకంగా మొహం పెట్టి అడిగాను. "బాబాయ్, ఇక్కడ వంటిల్లు, ఇక్కడ దేవుడు. మధ్యలో గోడ లేదు. ఆదివారం నువ్వు నాటుకోడి వండిస్తే దేవుడు ఎదురుగా కూర్చుని వాసన చూస్తూ ఉంటాడా?"

బాబాయి మొహంలో రంగు మారింది. మనిషిని ఎంత కొట్టినా బెదరని వాడు దేవుడి దగ్గర నీచు వాసన అనగానే బెదిరాడు. "అమ్మో, దానికి మాత్రం గట్టిగా తలుపు పెట్టమ్మా" అన్నాడు.

పెట్టాను. కొట్టు గది తలుపు పశువుల కొట్టంలో పడేసి ఉంటే దాన్నే తెప్పించి, చివికిన అంచులు కోయించి, పాలిష్ పట్టించాను. పాత చెక్కని అలా వాడుకోవడాన్ని రస్టిక్ అంటారు, నన్ను నేనే మెచ్చుకున్నాను. ముందువైపు ఆయన గుర్తుపట్టకుండా ఇత్తడి రేకు కొట్టించి, శంఖచక్రాలు వేయించాను. లోపలివైపు పాత అడ్డగడియని అలాగే ఉంచాను. "దేవుడి గదికి లోపల గడియేంటమ్మా? దేవుడు వేసుకుంటాడా?" అని వడ్రంగి నవ్వాడు. నీ పని నువ్వు చూసుకో అని కసిరాను. పిన్ని ఆ గదిలోకి వెళ్ళి, తలుపు వెనకవైపు చూసి, ఆ ఇనప కడ్డీని ఒకసారి చేత్తో తడిమి బయటికొచ్చింది. ఆ రోజు నాకు రెండు గరిటెలు ఎక్కువ నెయ్యి పోసింది.

పనంతా అయ్యాక ఫొటోలు తీసుకుందామని మళ్ళీ వెళ్ళాను. పండుమిరప పచ్చడి పట్టే రోజులు. మిట్టమధ్యాహ్నం, అద్దం గోడలోంచి ఎండ హాలంతా పరుచుకుంది. మిరపకాయ పండే ఊళ్ళో ఐలాండ్ మీద పాలరంగు రాయి వేయించుకున్న తెలివిగల మనిషి మా బాబాయి. వద్దు, మరకలవుతాయి అని నేను మొత్తుకుంటే, "మరక చేసేవాళ్ళ సంగతి నేను చూసుకుంటా" అన్నాడు. నేను కెమెరా సర్దుకుంటున్నాను. పిన్ని జాడీ తీస్తూ ఉంటే పచ్చడి నూనె కారి ఆ రాయి మీద అరచేతి వెడల్పున ఎర్రగా పరుచుకుంది. తుడిచింది. రుద్దింది. పోలేదు.

బాబాయి పొలం నుంచి అప్పుడే వచ్చాడు. కాళ్ళకి తోలు చెప్పులు, వాటికి మట్టి. మరక చూశాడు. నేనక్కడే ఉన్నానన్న వెరపు కూడా లేకుండా పిన్ని చెంప పగలగొట్టాడు. ఆ ఖాళీ హాల్లో ఆ చప్పుడు నాలుగు మూలలా మోగింది. జాడీ కింద పడి పగిలింది. పిన్ని ఐలాండ్ చుట్టూ పరుగెత్తింది. ఆయన అటు వస్తే ఇటు, ఇటు వస్తే అటు. దాక్కోవడానికి ఒక్క గోడ లేదు. జడ దొరికింది ఆయనకి. వెనక్కి లాగి ఆమె మొహాన్ని ఆ మరక మీదే అదిమి, "నాకవే! నాలుకతో నాకి తుడువు!" అని అరిచాడు. రాయి మీద ఇంకో ఎరుపు చేరింది.

నేను హాలు మూలనున్న నిలువుదీపం, అదే ఫ్లోర్ ల్యాంప్, పీకి, బలమంతా పెట్టి ఆయన వీపు మీద కొట్టాను. వంగిపోయింది దీపమే. ఆయన తిరిగి నన్ను ఒక్క తోపు తోశాడు. గాజు బల్ల మీద పడ్డాను, అది నాతోపాటు కూలింది. మోచెయ్యి చీరుకుపోయి రక్తం కారుతుంటే నాకు నొప్పి తెలియలేదు, చంపేద్దామన్నంత కోపం వచ్చింది. ఆ కాస్త సందులో పిన్ని వదిలించుకుని దేవుడి గదిలో దూరింది. గడియ పడ్డ చప్పుడు విన్నాను. నా జన్మలో అంత తియ్యటి చప్పుడు వినలేదు.

అప్పటికే అద్దం అవతల జనం. మిరపకోతల నుంచి వస్తున్న కూలీల ట్రాక్టరు ఆగిపోయింది. పక్కింటివాళ్ళూ ఎదురింటివాళ్ళూ వచ్చి నిలబడ్డారు. అంతకుముందు గోడ చాటున విన్నదంతా ఇప్పుడు కళ్ళారా చూస్తున్నారు. "రండి! చూస్తారేం, రండి!" అని గొంతు చించుకున్నాను. ఒక్కరు కదిలితే ఒట్టు.

బాబాయి ఊగిపోతూ వెళ్ళి తలుపుని బాదాడు. అది కదల్లేదు. ఆ తలుపెక్కడిదో అప్పుడు తెలిసిందేమో, పిచ్చెత్తినట్టు అరుస్తూ కాలెత్తి తన్నాడు. చెప్పుకాలు సరిగ్గా శంఖం మీద పడింది.

"ఓరి నీ బుద్ధి మండా! దేవుడి గదిని చెప్పుకాలితో తంతావురా!" అని ఎదురింటి మామ్మ కేక పెట్టింది.

అంతే, కట్ట తెగింది. అందరూ ఒక్కసారి లోపలికి వచ్చి పడ్డారు. నలుగురు మగవాళ్ళు ఆయన్ని రెక్కలు విరిచి పట్టుకుని వీధిలోకి ఈడ్చుకుపోయారు. పిడిగుద్దులు, కాళ్ళతో తన్నులు. చొక్కా చిరిగింది, ముక్కు పగిలింది. కోతకొచ్చిన ఆడవాళ్ళు కూడా రెండు దెబ్బలు వేశారు. నేను గుమ్మంలో నిలబడి తృప్తిగా చూశాను. అబద్ధమెందుకు, ఇంకా కొట్టండి అనుకున్నాను. కానీ ఆ తృప్తి ఎంతోసేపు నిలవలేదు. వాళ్ళు తిడుతున్న తిట్లన్నీ దేవుడి తరఫునే. ఇన్నేళ్ళు పిన్ని వీపు మీద పడ్డ దెబ్బకి ఒక్క తలుపూ తెరుచుకోలేదు. ఇత్తడి రేకు మీద ఒక్క తన్ను పడితే ఊరంతా వచ్చింది.

మామ్మ చెంబుతో పసుపు నీళ్ళు తెచ్చి ఆ తలుపు కడిగింది. కొంగుతో తుడిచి, సొట్ట పడిందేమోనని వేళ్ళతో తడిమి చూసింది. తలుపు తీసుకుని పిన్ని బయటికి వచ్చింది. పెదవి చీలి గడ్డం మీదకి కారుతోంది, కళ్ళలో పచ్చడి పడి మూసుకుపోతున్నాయి. మామ్మ ఆమెని పక్కకి జరగమని, గడపకి కూడా నీళ్ళు చల్లింది.

పెద్దమనిషి ఒకాయన ముందుకొచ్చాడు. "పోనీలే అమ్మా. పొద్దున్నే స్నానం చేసొచ్చి దేవుడి ముందు గుంజీళ్ళు తీస్తాడు. అపచారం పోతుంది. లోపలికి రానియ్" అన్నాడు. బాబాయి వీధిలో మోకాళ్ళ మీద కూర్చుని, నెత్తురు ఉమ్ముతూ, అవునన్నట్టు తలూపుతున్నాడు.

పిన్ని మామ్మ చేతిలోంచి చెంబు లాక్కుంది. మిగిలిన పసుపు నీళ్ళన్నీ తన మొహం మీద గుమ్మరించుకుంది. కళ్ళు తెరిచింది.

"గుంజీళ్ళు దేవుడికి తీస్తాడు. నాకేం తీస్తాడు?" అంది.

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

"మీరు వెళ్ళండి పెద్దయ్యగారూ. ఆయన్ని కూడా తీసుకెళ్ళండి. ఇల్లు నాది" అని, పిన్ని ఒక్కొక్కరినీ చూస్తూ అందరూ గడప దాటేదాకా నిలబడింది. మామ్మని కూడా పంపించింది. వీధి తలుపు మూసింది.

ఆ తలుపుకున్నది వేలిముద్ర తాళం. స్మార్ట్ హోమ్ అని బాబాయి ముచ్చటపడి పెట్టించుకున్నాడు. పిన్ని దాని వంక చాలాసేపు చూసింది. తర్వాత నా మోచేతికి తన కొంగు చింపి కట్టు కట్టింది.

"ఈ తాళానికి ఆ మనిషి వేలు తెలుసు. దేవుడి గది గడియ ఊడదీసి దీనికి బిగించవే. ఇక లోపల నాకు తలుపులక్కర్లేదు" అంది.

నేను సంచిలోంచి స్క్రూడ్రైవర్ తీశాను.