లాయిడ్ నున్నగా చేసిన ట్రిగ్గర్

"దీన్ని నువ్వు గీకావా, ఎలుకలు కొరికాయా?"

తుపాకులు బాగుచేసే హెట్టీ క్రౌస్ భూతద్దం తియ్యకుండానే అడిగింది. ఎదురుగా నిలబడ్డ లాయిడ్ బెంటర్ మా వ్యోమింగ్ ఊళ్లో ముప్పై ఏళ్లు నీటి మీటర్లు చూసి రిటైరైనవాడు. బల్ల మీది పిస్టల్ చనిపోయిన అతని అక్క వెర్నాది. మా షూటింగ్ క్లబ్బులో ఎవరైనా పోతే, ఆ తర్వాతి పోటీలో వాళ్ల తుపాకీని వారసులు పేలుస్తారు. అంటే ఈ శనివారం వెర్నా కూతురు కొరిన్ దాన్ని చేతిలోకి తీసుకోవాలి.

అంతకుముందు ట్రిగ్గర్ గరుకుగా ఉండేది, మధ్యలో పట్టేసేది. బాగుచెయ్యడానికి హెట్టీ నూట ఇరవై డాలర్లు అడిగితే లాయిడ్ నవ్వేశాడు. మా దగ్గర సొంత సామాను సొంతంగా బాగుచేసుకోని మగాడంటే చర్చికి రానివాడికన్నా లోకువ. స్వశక్తి గొప్ప గుణమే కావచ్చు. తెలియని పనిలో అది ఉత్త పిసినారితనం. పోయిన శనివారమంతా వంటింటి బల్ల మీద, చేపల కత్తికి పెట్టే సానరాయితో రుద్దాడు. ట్రిగ్గర్ వెన్నలా అయింది.

సోమవారం పొద్దున గుళ్లు తీసేసి, ఖాళీ పిస్టల్‌కి గుండుని కొట్టి పేల్చే హ్యామర్ ఎత్తి బల్ల మీద పెట్టి, కాఫీకని అటు తిరిగాడు.

టక్.

హ్యామర్ పడి ఉంది. ఇంట్లో తను తప్ప ఎవరూ లేరు. మళ్లీ ఎత్తి, చేతులు కట్టుకుని కూచున్నాడు. పది నిమిషాలు హ్యామర్ కదల్లేదు. లేచి నాలుగడుగులు వేశాడు. టక్.

బతికుండగా వెర్నా తన వస్తువు మీద ఎవర్నీ చెయ్యి వెయ్యనిచ్చేది కాదు. అది గుర్తొచ్చాక లాయిడ్ ఆ బల్ల దగ్గర భోంచెయ్యలేదు.

ఇప్పుడు కొట్లో హెట్టీ పిస్టల్ ఖాళీ అని రెండుసార్లు చూసి, అతనికీ చూపించి, హ్యామర్ ఎత్తి పెట్టింది. "కదలకు."

ఇద్దరూ చూస్తూ నిలబడ్డారు. గోడవతల ఫ్రిజ్ మోటారు గుర్రుమంది. టక్.

"మీ అక్క కాదులే. హ్యామర్‌ని ఆపే అంచు అరగదీసి చంపావు. నేల వణికితే చాలు."

"హమ్మయ్య, దెయ్యం కాదన్నమాట."

"నవ్వింది చాలు. రుద్దిన తర్వాత గుళ్లు వేసి ఎక్కడైనా పెట్టావా?"

లాయిడ్ కిటికీలోంచి తన ట్రక్కు వైపు చూశాడు. ఇక్కడ అందరి పిస్టళ్లలాగే అదీ సోమవారం దాకా ట్రక్కు సీటు కిందే ఉండింది: గుళ్లతో, హ్యామర్ ఎత్తి, సేఫ్టీ మీట ఒక్కటే వేసి. ఆదివారం కొరిన్‌ని కంకర రోడ్డు మీద పద్నాలుగు మైళ్లు తీసుకెళ్లి దింపాడు. సీటు కింద పిస్టల్ గొట్టం ఆమె వైపే ఉంది. గతుకు తగిలినప్పుడల్లా, "మెల్లగా మావయ్యా, నీ ట్రక్కుకన్నా గాడిద నయం!" అని పకపకా నవ్వింది.

"నోరు పడిపోయిందా?" అంది హెట్టీ.

"గతుకులు లెక్కపెడుతున్నా."

పిస్టల్ ఆమె తిరిగివ్వలేదు, అతనూ అడగలేదు. శనివారం కొరిన్ అరువు తుపాకీతో కాల్చింది. అడిగితే లాయిడ్ రిపేరులో ఉందన్నాడు, అంతే.

కొత్త భాగాలతో కలిపి బిల్లు రెండువందల పది డాలర్లయింది. నూట యాభై ఇచ్చాడు. అరవై ఇంకా బాకీ.