రాణి చేతులు లేవలేదు

1994లో బహ్రెయిన్‌లో, నయీమ్ అనే పేటలో ఒక దుకాణంలో టైలర్‌ని. మా తెనాలి వైపు పద్యనాటకాలకి రాజుల కోట్లూ రాణుల జాకెట్లూ కుట్టి పేరు తెచ్చుకున్నవాణ్ణి. ఆ పేరు చూసుకుని నాకు పొగరు.

అక్కడికి దగ్గర్లోని అవాలీ అనే ఊళ్ళో పిల్లలకి బ్యాలే నేర్పే ఇంగ్లిషు మేడమ్ ఒకావిడ, ఓ పాత విషాద నాటకాన్ని బ్యాలేగా మారుస్తూ బట్టలు నాకు అప్పగించింది. బ్యాలేలో మాటలుండవు, అంతా ఒంటితోనే చెప్పాలి.

"కొడుకు పోయాక నాటకంలో రాణి పది నిమిషాలు ఏడుస్తూ మాట్లాడుతుంది. ఇక్కడ ఒక్కసారి రెండు చేతులూ తలపైకి ఎత్తుతుంది, అంతే," అంది.

తలూపాను. బుర్రకెక్కించుకుంటేగా!

రాణి వేషం రీటాది. గోవా నర్సు కూతురు, పదిహేడేళ్ళు. ఆ వేషం కోసం ఏడాదిగా ఒళ్ళు హూనం చేసుకుంది. నేను వెల్వెట్ బాడీస్ కుట్టాను, అంటే నడుం దాకా బిగువుగా ఉండే పైబట్ట. ఆర్మ్‌హోల్, చెయ్యి దూరే చోటు, మా రాణులకి పెట్టినట్టే బాగా కిందికి దించాను. మా రాణులు నిలబడి పద్యం పాడతారు, చెయ్యి గుండె దాటి లేస్తే గొప్ప.

రిహార్సల్లో రీటా చేతులెత్తబోతే బాడీస్ మొత్తం మెడ మీదికొచ్చింది. చేతులు భుజాల దగ్గరే ఆగిపోయాయి.

"ఎందుకలా బిగుసుకుపోతున్నావు?" అని మేడమ్ కసిరింది.

"బట్ట పట్టేస్తోంది మేడమ్."

మేడమ్ నా వైపు తిరిగింది. "నిజమేనా మాస్టర్?"

"కొలత ప్రకారమే కుట్టానండీ," అన్నాను.

తప్పెక్కడుందో చూడగానే తెలిసింది. ఆర్మ్‌హోల్ అంత కిందికి దిగితే చెయ్యితోపాటు బట్టంతా పైకి లాగేస్తుంది. పేరు పోతుందని నోరు మూసుకున్నాను, సిగ్గులేనివాణ్ణి. ఆ మేడమ్ మీదా నాకు మంటే. ఏడాదిగా చూస్తున్న పిల్ల మాట నమ్మక, నిన్నగాక మొన్నొచ్చిన టైలర్ మాట నమ్మింది.

మూడో రోజుకి వేషం ఇంకో అమ్మాయికి ఇచ్చేసింది. ఆ అమ్మాయి కొలతకి సర్దే వంకతో చంకల్లో గసెట్లు వేశాను. చెయ్యి లేవడానికి కలిపే నలుచదరపు ముక్కలవి. అరగంట పని. ప్రదర్శనలో రాణి చేతులు హాయిగా లేచాయి, హాలంతా చప్పట్లు.

మర్నాడు ఆ బట్టలన్నీ మా దుకాణంలో దాచమని మేడమ్ పంపితే తెచ్చింది రీటా. బాడీస్ మడతపెడుతూ చంక దగ్గర ఆగి, వేలితో తడిమింది.

"ఇది ముందు లేదు కదా మాస్టర్‌జీ," అంది.

మడత పూర్తిచేసి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

అప్పట్నుంచీ ఎవరొచ్చినా టేపు తియ్యకముందే చేతులు పైకెత్తమంటాను. ఎందుకని అడుగుతారు. అలవాటంటాను. నా పనితనం బాగుపడింది, నిజమే. ఆ పిల్లకి ఒరిగిందేమిటి? తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.